జాంగోలో "నిజంగా డిలీట్ చెయ్యాలా?" పాపప్ పెట్టడం ఎలా: ముందు పేజీ, తర్వాతే పాపప్

డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసి వెబ్‌కి వచ్చినవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) వ్యూ ఫంక్షన్, అంటే బ్రౌజర్ అడిగినదానికి సర్వర్లో జవాబు తయారుచేసే ఫంక్షన్, మధ్యలో ఆగి, యూజర్‌కి ఒక పాపప్ చూపించి, ఆయన ఎస్ అంటే కింది లైన్‌కి వెళ్ళాలి, నో అంటే అక్కడితో వదిలెయ్యాలి, ఇదెలా చెయ్యాలి అని. విజువల్ బేసిక్‌లో మెసేజ్ బాక్స్ పెడితే అచ్చం ఇలాగే జరిగేది, కోడ్ ఆ లైన్ దగ్గర నిలబడిపోయి బటన్ నొక్కాకే కదిలేది. సర్వర్ సైడ్ ఫ్రేమ్‌వర్క్‌లో అది కుదరదు, ఎందుకంటే వ్యూ నడిచేది సర్వర్లో, పాపప్ కనపడేది బ్రౌజర్లో, ఆ వ్యూ రెస్పాన్స్ పంపించేస్తే తప్ప బ్రౌజర్‌కి చూపించడానికి ఏమీ ఉండదు, పంపించేసిందంటే ఆ వ్యూ పని అయిపోయినట్టే.

కాబట్టి కన్ఫర్మేషన్ అంటే ఒక ప్రశ్న కాదు, రెండు వేర్వేరు రిక్వెస్టులు. మొదటిది "ఇది డిలీట్ చేస్తే ఏమవుతుందో చూపించు" అని, రెండోది "సరే, చేసెయ్" అని. మొదటిది గెట్ (చూపించమని అడిగే రిక్వెస్ట్), రెండోది పోస్ట్ (ఫామ్ పంపించి మార్పు చెయ్యమనే రిక్వెస్ట్). ఈ ఒక్క విషయం బుర్రలో కూర్చుంటే మిగతాదంతా సులువే. జావాలో వాడిన్ లాంటి ఫ్రేమ్‌వర్క్ తీసుకోండి, అందులో స్క్రీన్ మొత్తం సర్వర్ మీద జావా కోడ్‌తోనే కడతారు, అక్కడ కూడా కన్ఫర్మ్ డైలాగ్‌ని ఓపెన్ చేశాక కోడ్ ఆగదు, తర్వాతి లైన్ వెంటనే నడిచిపోతుంది, అందుకే డిలీట్ చేసే పనిని కన్ఫర్మ్ లిజనర్ (యూజర్ సరే అన్నప్పుడే నడిచే ఫంక్షన్) లోపల పెట్టమంటారు.

ఇక్కడ జాంగోతో చెప్తా. ఉదాహరణకి ఒక కోచింగ్ సెంటర్ ఫీజుల యాప్ అనుకోండి, బ్యాచ్ అనే మోడల్ (డేటాబేస్‌లో ఒక టేబుల్ అనుకోండి) ఉంది, బ్యాచ్ కింద స్టూడెంట్లు, స్టూడెంట్ కింద ఫీజు రసీదులు, వీటిని కలిపే ఫారిన్ కీలన్నీ క్యాస్కేడ్ పెట్టారు, అంటే పైది తీసేస్తే కిందవీ పోతాయి. ఆఫీసులో కూర్చున్నాయన పాత బ్యాచ్ అనుకుని తప్పు బ్యాచ్ మీద డిలీట్ నొక్కితే ఆ బ్యాచ్‌తో పాటు పిల్లల పేర్లూ వాళ్ళు కట్టిన డబ్బుల లెక్కా ఒకేసారి పోతాయి. ఇలాంటి చోటే కన్ఫర్మేషన్ కావాలి, అదీ గట్టిగా కావాలి.

మొదట జావాస్క్రిప్ట్ కన్ఫర్మ్ సంగతి

చాలామంది ముందు చేసేది ఫామ్‌కి ఆన్‌సబ్మిట్‌లో రిటర్న్ కన్ఫర్మ్ అని పెట్టెయ్యడం, కన్ఫర్మ్ అంటే బ్రౌజరే చూపించే చిన్న ప్రశ్న పెట్టె. ఏఎస్పీ డాట్ నెట్ వెబ్ ఫామ్స్ రోజుల్లో ఆన్‌క్లయింట్‌క్లిక్‌లో పెట్టేవాళ్ళే ఇది. ఒక్క లైన్, పనిచేస్తుంది, చిన్న ఇంటర్నల్ టూల్‌కి అయితే నేను వద్దనను. కానీ మూడు ఇబ్బందులున్నాయి. బటన్ల మీద మాటలు మనం మార్చలేం, బ్రౌజర్ ఏది చూపిస్తే అదే, అంటే "ఈ ఆర్డర్ క్యాన్సిల్ చెయ్యాలా?" అని అడిగి కింద "ఓకే", "క్యాన్సిల్" చూపిస్తే యూజర్ ఏది నొక్కాలో తెలియక ఆగిపోతాడు. రెండోది, వరసగా డైలాగులు వస్తుంటే ఈ పేజీ నుంచి ఇక చూపించొద్దు అని టిక్ పెట్టుకునే వీలు బ్రౌజర్లు యూజర్‌కి ఇస్తాయి, అది పెట్టాక కన్ఫర్మ్ ఏమీ చూపించకుండానే ఫాల్స్ (యూజర్ వద్దన్నట్టు) ఇచ్చేస్తుంది, ఇంక డిలీట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు, యూజర్ ఫోన్ చేసి బటన్ పాడైందంటాడు. మూడోది అన్నిటికంటే పెద్దది, ఏదో కారణంతో ఆ పేజీలో జావాస్క్రిప్ట్ లోడ్ కాలేదనుకోండి, అడగాల్సిన ప్రశ్న అడక్కుండానే ఫామ్ నేరుగా సబ్మిట్ అయిపోతుంది. కన్ఫర్మేషన్ విఫలమైతే డిలీట్ ఆగిపోవాలి గానీ జరిగిపోకూడదు కదా, ఇక్కడ సరిగ్గా తిరగబడింది.

అందుకే ముందు జావాస్క్రిప్ట్ అస్సలు లేకుండా పనిచేసే కన్ఫర్మేషన్ పేజీ కట్టండి, తర్వాత దాన్నే డైలాగ్‌లో చూపించండి. ఈ వరస మారిస్తేనే కష్టాలన్నీ.

పేజీ కట్టడం

జాంగోలో దీనికి డిలీట్‌వ్యూ అనే జెనరిక్ వ్యూ రెడీగా ఉంది. దానికి మోడల్ బ్యాచ్ అని, సక్సెస్ యూఆర్ఎల్‌కి రివర్స్_లేజీతో బ్యాచ్‌ల లిస్ట్ పేజీ అని ఇస్తే చాలు. గెట్ వస్తే కన్ఫర్మేషన్ టెంప్లేట్ చూపిస్తుంది, పోస్ట్ వస్తే డిలీట్ చేసి 302తో (వేరే పేజీకి వెళ్ళమనే జవాబు) లిస్ట్ పేజీకి పంపిస్తుంది. టెంప్లేట్ పేరు మోడల్ పేరు వెనక అండర్‌స్కోర్ కన్ఫర్మ్ అండర్‌స్కోర్ డిలీట్ అని ఉంటే తనే వెతుక్కుంటుంది. అంటే పైన చెప్పిన రెండు రిక్వెస్టుల పద్ధతి ఇందులో ముందే ఉంది, మనం కొత్తగా కనిపెట్టేదేమీ లేదు.

గెట్‌తో డిలీట్ చేసే లింక్ మాత్రం పెట్టకండి, ఎంత తొందరలో ఉన్నా సరే. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే టూల్ వచ్చింది, పేజీలు త్వరగా తెరుచుకోవాలని పేజీలో ఉన్న లింకుల్ని యూజర్ నొక్కకముందే వెళ్ళి తెచ్చేసేది, డిలీట్‌ని మామూలు లింక్‌గా పెట్టిన యాప్స్‌లో జనం డేటా వాళ్ళకి తెలియకుండానే ఎగిరిపోయింది. లింక్ మీద పెట్టిన జావాస్క్రిప్ట్ కన్ఫర్మ్ దాన్ని ఆపలేదు, ఎందుకంటే అది స్క్రిప్ట్ నడపదు, అడ్రస్ తీసుకుని వెళ్ళిపోతుంది అంతే. జాంగో వాళ్ళు కూడా ఈ విషయంలో గట్టిగానే ఉన్నారు, లాగౌట్‌ని గెట్‌తో చెయ్యడం 4.1లో వద్దని హెచ్చరించి 2023 డిసెంబర్‌లో వచ్చిన 5.0లో పూర్తిగా తీసేశారు.

టెంప్లేట్‌లో ఒక ఫామ్, మెథడ్ పోస్ట్, లోపల సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ ట్యాగ్ (వేరే సైటు మన యూజర్ పేరు మీద ఫామ్ పంపకుండా ఆపే రహస్య కోడ్), ఒక డిలీట్ బటన్, ఒక వెనక్కి వెళ్ళే లింక్. ఫామ్‌కి యాక్షన్ తప్పకుండా రాయండి, ఖాళీగా వదలొద్దు, ఎందుకంటే ఇదే ఫామ్ రేపు వేరే పేజీ మీద డైలాగ్‌లో కూర్చుంటుంది, యాక్షన్ లేకపోతే ఆ పేజీ అడ్రస్‌కే పోస్ట్ వెళ్తుంది. టోకెన్ మర్చిపోతే 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తుంది, అది వెంటనే తెలిసిపోయే తప్పు కాబట్టి భయం లేదు.

ఇప్పుడు అసలు పని, పేజీలో ఏం రాయాలి అన్నది. "ఆర్ యూ ష్యూర్?" అని రాస్తే ఏ ఉపయోగమూ లేదు, రోజుకి పదిసార్లు అదే మాట చూసిన మనిషి చదవకుండా నొక్కేస్తాడు. బ్యాచ్ పేరు చెప్పండి, దానితో పాటు ఏమేం పోతాయో చెప్పండి. గెట్_కాంటెక్స్ట్_డేటాలో ఆ బ్యాచ్ కింద స్టూడెంట్లు ఎంతమంది, రసీదులు ఎన్ని అని కౌంట్ తీసి టెంప్లేట్‌కి ఇవ్వండి, "2024 ఎంసెట్ మార్నింగ్ బ్యాచ్ తీసేస్తే 48 మంది స్టూడెంట్లు, 131 ఫీజు రసీదులు కూడా పోతాయి, తిరిగి తేవడం కుదరదు" అని రాస్తే ఎవరి చెయ్యి అయినా ఒక్క క్షణం ఆగుతుంది. జాంగో అడ్మిన్ కూడా డిలీట్ ముందు ఇలాగే పోయేవాటి జాబితా మొత్తం చూపిస్తుంది, ఒకసారి గమనించండి. బటన్ మీద కూడా "ఓకే" కాకుండా "బ్యాచ్ డిలీట్ చెయ్యి" అని, రెండోదాని మీద "వద్దు, ఉంచు" అని రాయండి, పైన ఉన్న వాక్యం చదవకపోయినా బటన్ చూస్తే అర్థం కావాలి.

అన్నట్టు రసీదుల్లాంటి డబ్బు లెక్కలకి అసలు క్యాస్కేడ్ బదులు ప్రొటెక్ట్ పెట్టడం మంచిదని నా అభిప్రాయం. అప్పుడు రసీదులున్న బ్యాచ్‌ని డిలీట్ చెయ్యబోతే ప్రొటెక్టెడ్ఎర్రర్ వస్తుంది, కన్ఫర్మేషన్ పేజీలోనే ముందుగా చూసుకుని "దీనికి రసీదులున్నాయి, తియ్యలేం, ఆర్కైవ్ చేసుకోండి" అని చెప్పి బటనే చూపించకుండా ఉండొచ్చు. ఎర్రర్‌ని పోస్ట్ వచ్చాక డిలీట్ చేసే ఫామ్_వాలిడ్ అనే మెథడ్‌లో కూడా పట్టుకోవాలి, పేజీ చూపించాక ఎవరైనా కొత్త రసీదు కొడితే ఎలాగూ అక్కడికే వస్తుంది.

డిలీట్ టైమ్‌లో చెయ్యాల్సిన అదనపు పనులు, అంటే లాగ్ రాయడం, మెసేజ్ పెట్టడం లాంటివి, జాంగో 4.0 నుంచి ఫామ్_వాలిడ్ మెథడ్‌లో రాయాలి. పాత ట్యుటోరియల్స్‌లో డిలీట్ అనే మెథడ్‌ని ఓవర్‌రైడ్ చెయ్యమని ఉంటుంది, ఇప్పుడు అలా రాస్తే బ్రౌజర్ నుంచి పోస్ట్ వచ్చినప్పుడు ఆ కోడ్ నడవదు, డిలీట్ మాత్రం అయిపోతుంది, లాగ్ ఎందుకు లేదో తెలియక తలపట్టుకుంటారు.

దీన్నే డైలాగ్‌లో చూపించడం

ఇక్కడి వరకు వచ్చింది జావాస్క్రిప్ట్ లేకుండా పూర్తిగా పనిచేసే యాప్. ఇప్పుడు పైన మెరుగు. హెచ్‌టీఎంఎల్‌లో డైలాగ్ అనే ట్యాగ్ ఉంది, క్రోమ్‌లో 2014 నుంచీ ఉన్నా ఫైర్‌ఫాక్స్, సఫారీల్లోకి 2022 మార్చిలో వచ్చింది, కాబట్టి ఇప్పుడు బూట్‌స్ట్రాప్ లైబ్రరీ పాపప్ గానీ వేరే లైబ్రరీ గానీ లేకుండానే పని జరిగిపోతుంది. బేస్ టెంప్లేట్‌లో బాడీ చివర ఒకే ఒక్క ఖాళీ డైలాగ్ ట్యాగ్ పెట్టండి. లిస్ట్‌లో 50 బ్యాచ్‌లుంటే 50 డైలాగులు పెట్టేవాళ్ళున్నారు, అవసరం లేదు, పేజీ బరువెక్కడం తప్ప.

వ్యూలో చిన్న మార్పు. అడ్రస్ వెనక డైలాగ్ ఈక్వల్స్ 1 అని వస్తే గెట్_టెంప్లేట్_నేమ్స్‌లో హెడర్, మెనూ లేని ముక్క టెంప్లేట్ ఇవ్వాలి, రాకపోతే పూర్తి పేజీ. పూర్తి పేజీ కూడా అదే ముక్కని ఇన్‌క్లూడ్ చేసుకుంటుంది, అంటే ఫామ్ ఒక్క చోటే రాశాం. దీన్ని రిక్వెస్ట్ హెడర్ చూసి కూడా చెయ్యొచ్చు, హెచ్‌టీఎంఎక్స్ అనే లైబ్రరీ వాడేవాళ్ళు అలాగే చేస్తారు, కానీ ఒకే అడ్రస్ రెండు రకాల జవాబులిస్తే బ్రౌజర్ క్యాష్‌లో ముక్క ఉండిపోయి బ్యాక్ నొక్కినప్పుడు స్టైల్ లేని సగం పేజీ కనపడే ప్రమాదం ఉంది, అప్పుడు వేరీ హెడర్ (ఏ హెడర్‌ని బట్టి జవాబు మారుతుందో క్యాష్‌కి చెప్పేది) పెట్టుకోవాలి. అడ్రస్సే వేరైతే ఈ గొడవ లేదు, నాకు ఇదే నచ్చుతుంది.

జావాస్క్రిప్ట్ పని ఇంతే. డాక్యుమెంట్ మీద ఒక క్లిక్ లిజనర్ పెట్టండి, నొక్కింది డేటా డాష్ కన్ఫర్మ్ అనే అట్రిబ్యూట్ ఉన్న లింక్ అయితే, కంట్రోల్ గానీ మ్యాక్‌లో కమాండ్ గానీ పట్టుకుని నొక్కలేదని చూసుకుని, ప్రివెంట్‌డీఫాల్ట్ చేసి, లింక్ అడ్రస్‌కి ఆ డైలాగ్ పారామీటర్ తగిలించి ఫెచ్ చెయ్యండి (పేజీ మారకుండా జావాస్క్రిప్ట్‌తో తెచ్చుకోవడం), వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని డైలాగ్ లోపల పెట్టి షోమోడల్ పిలవండి. ఆ హెచ్‌టీఎంఎల్ మన సర్వర్లో జాంగో టెంప్లేట్ ఎస్కేప్ చేసి ఇచ్చింది కాబట్టి ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ వాడినా పర్లేదు, కానీ బ్యాచ్ పేరుని డేటా అట్రిబ్యూట్‌లోంచి తీసి జావాస్క్రిప్ట్‌లోనే వాక్యం కట్టే పద్ధతి ఎంచుకుంటే మాత్రం టెక్స్ట్‌కంటెంట్ వాడండి, ఎవరైనా బ్యాచ్ పేరులో స్క్రిప్ట్ రాసి పెడితే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ దాన్ని నడిపించే దారి ఇస్తుంది.

షోమోడల్‌నే పిలవాలి, షో కాదు, ట్యాగ్ మీద ఓపెన్ అట్రిబ్యూట్ పెట్టడం కూడా కాదు. ఆ రెండూ డైలాగ్‌ని చూపిస్తాయి గానీ వెనక పేజీని ఆపవు, దాని మీద బటన్లు నొక్కుతూనే ఉండొచ్చు. షోమోడల్ అయితే డైలాగ్ అన్నిటికంటే పై పొరలోకి వస్తుంది, జెడ్ ఇండెక్స్ 9999 అవసరమే రాదు, వెనకదంతా పనిచెయ్యకుండా అయిపోతుంది, ట్యాబ్ కీ కొట్టినా ఫోకస్ వెనక పేజీలోకి పోదు, ఎస్కేప్ కొడితే మూసుకుంటుంది, మూసుకున్నాక ఫోకస్ మళ్ళీ ఇందాక నొక్కిన లింక్ మీదకే వస్తుంది. కళ్ళు కనిపించనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో వాడేటప్పుడు ఇవన్నీ చాలా ముఖ్యం, సొంతంగా డివ్‌తో కట్టిన పాపప్‌లో వీటిలో సగం మర్చిపోతాం. డైలాగ్‌కి రోల్ అలర్ట్‌డైలాగ్ అని పెట్టి, స్క్రీన్ రీడర్ కోసం ఉండే ఏరియా (aria) లేబుల్డ్‌బైతో హెడ్డింగ్‌ని, ఏరియా డిస్క్రైబ్డ్‌బైతో పోయేవాటి వాక్యాన్ని చూపించండి, అప్పుడు తెరుచుకోగానే రీడర్ ఆ వాక్యం చదువుతుంది. ఆటోఫోకస్‌ని "వద్దు, ఉంచు" మీద పెట్టండి, పొరపాటున ఎంటర్ తగిలినా నష్టం ఉండదు.

ఆ "వద్దు" అనేది పూర్తి పేజీలో లిస్ట్‌కి వెళ్ళే మామూలు లింక్. డైలాగ్‌లో ఉన్నప్పుడు దాని క్లిక్‌ని పట్టుకుని ప్రివెంట్‌డీఫాల్ట్ చేసి క్లోజ్ పిలిస్తే సరిపోతుంది. ఒకే మార్కప్, రెండు చోట్లా సరిగ్గా పనిచేస్తుంది.

డిలీట్ బటన్‌ని మాత్రం జావాస్క్రిప్ట్‌తో ముట్టుకోకండి, ఫామ్‌ని మామూలుగా పోస్ట్ అవ్వనివ్వండి. పేజీ మొత్తం రీలోడ్ అవుతుందని కొందరికి బాధ, కానీ ఎలాగూ లిస్ట్ మారింది, మెసేజ్ చూపించాలి, రీడైరెక్ట్ అయ్యి కొత్త లిస్ట్ రావడమే శుభ్రం. సబ్మిట్ అవగానే బటన్ డిసేబుల్ చెయ్యడం ఒక్కటి చేస్తే చాలు, లేకపోతే నెట్ స్లోగా ఉన్నచోట రెండుసార్లు నొక్కుతారు, మొదటిది డిలీట్ చేసేస్తుంది, రెండోదానికి బ్యాచ్ దొరక్క 404 వస్తుంది, యూజర్ చూసేది ఆ 404నే.

లాగిన్ టైమ్ అయిపోతే

ఈ పద్ధతి గొప్పతనం తెలిసేది ఇక్కడే. ఆఫీసులో ట్యాబ్ ఓపెన్ చేసి భోజనానికి వెళ్ళారు, ఈలోపు సెషన్ అయిపోయింది, వచ్చి డిలీట్ లింక్ నొక్కారు. ఫెచ్ వెళ్తే సర్వర్ లాగిన్ పేజీకి రీడైరెక్ట్ చేస్తుంది, ఫెచ్ దాన్ని చప్పుడు చెయ్యకుండా ఫాలో అయిపోయి లాగిన్ పేజీ మొత్తాన్ని తెచ్చి డైలాగ్‌లో పెడుతుంది, మెనూతో లోగోతో సహా. దీనికి రెస్పాన్స్‌లో రీడైరెక్టెడ్ అనే ప్రాపర్టీ చూడండి, అది ట్రూ అయినా, ఓకే కాకపోయినా, ఫెచ్ అసలు ఫెయిలైనా, లొకేషన్‌ని ఆ లింక్ అసలు అడ్రస్‌కి మార్చెయ్యండి. లాగిన్ పేజీ పూర్తిగా వస్తుంది, లాగిన్ అయ్యాక నెక్స్ట్ (లాగిన్ తర్వాత ఎక్కడికి వెళ్ళాలో చెప్పే పారామీటర్) ప్రకారం కన్ఫర్మేషన్ పేజీకే వస్తారు. ఏ తేడా వచ్చినా పడేది మనం ముందు కట్టిన పేజీ మీదే.

డైలాగ్ తెరిచి ఉండగా సెషన్ పోయి, అప్పుడు డిలీట్ నొక్కితే? పోస్ట్ లాగిన్‌కి పోతుంది, లాగిన్ అయ్యాక నెక్స్ట్ అడ్రస్‌కి గెట్‌గా వస్తుంది. డిలీట్ వ్యూని రిక్వైర్_పోస్ట్‌తో మాత్రమే రాసినవాళ్ళకి అక్కడ 405 (ఈ రకం రిక్వెస్ట్ ఒప్పుకోం అనే ఎర్రర్) తెల్ల పేజీ వస్తుంది. మనది గెట్‌కి కన్ఫర్మేషన్ పేజీ చూపిస్తుంది కాబట్టి యూజర్‌ని మళ్ళీ ఒకసారి అడుగుతుంది, ఆయన నొక్కితే డిలీట్. దీనికోసం ఒక్క లైన్ కూడా అదనంగా రాయలేదు.

చూపించిన లెక్క మారిపోతే

131 రసీదులు అని చూపించాం, ఆయన ఆలోచిస్తూ కూర్చున్న పది నిమిషాల్లో పక్క కౌంటర్లో ఇంకో రెండు రసీదులు కొట్టారు. ఆయన ఒప్పుకున్నది 131కి, పోయేది 133. చాలా యాప్స్‌కి ఇది పట్టించుకోనక్కర్లేదు, డబ్బు లెక్కలకి పట్టించుకోవాలి. కౌంట్‌ని హిడెన్ ఇన్‌పుట్‌గా ఫామ్‌లో పెట్టండి, పోస్ట్‌లో వచ్చిన సంఖ్యని ఇప్పటి కౌంట్‌తో పోల్చండి, తేడా ఉంటే డిలీట్ చెయ్యకుండా కొత్త లెక్కతో అదే పేజీ మళ్ళీ చూపించండి. ఈ హిడెన్‌ని జాంగో ఫామ్ ఫీల్డ్‌గా పెడితే రెండోసారి చూపించినప్పుడు కూడా పాత 131నే పట్టుకుని కూర్చుంటుంది, అందుకని టెంప్లేట్‌లో చేత్తో రాసి కాంటెక్స్ట్‌లోని తాజా కౌంట్ ఇవ్వండి. పోల్చడం, డిలీట్ చెయ్యడం రెండూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. రసీదు నేరుగా బ్యాచ్‌కి కాకుండా స్టూడెంట్‌కి తగులుకుని ఉంది కాబట్టి డేటాబేస్‌లో బ్యాచ్ రో తో పాటు ఆ బ్యాచ్ స్టూడెంట్ల రోలని కూడా సెలెక్ట్_ఫర్_అప్‌డేట్‌తో లాక్ చేసి పట్టుకోవాలి, అప్పుడు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఆ మధ్యలో కొత్త స్టూడెంట్ గానీ కొత్త రసీదు గానీ చొరబడడానికి వీలుండదు.

ఇంకా గట్టిగా కావాలంటే బ్యాచ్ పేరు టైప్ చేయించండి. డిలీట్‌వ్యూకి ఫామ్_క్లాస్ ఇవ్వొచ్చు, అందులో ఒక టెక్స్ట్ ఫీల్డ్, క్లీన్‌లో పేరు పోల్చడం. ఫామ్‌కి బ్యాచ్ ఆటోమేటిక్‌గా అందదు, గెట్_ఫామ్_క్వార్గ్స్‌లో సెల్ఫ్ డాట్ ఆబ్జెక్ట్‌ని మనమే పంపాలి. పేరు తప్పైతే ఎర్రర్‌తో పూర్తి కన్ఫర్మేషన్ పేజీ వస్తుంది, డైలాగ్ కాదు, పర్లేదు, పని ఆగలేదు. కొందరు పేరు సరిపోయే వరకు జావాస్క్రిప్ట్‌తో బటన్ డిసేబుల్ చేసి ఊరుకుంటారు, అది చూడ్డానికి బావుంటుంది గానీ సర్వర్లో చెక్ లేకపోతే అది చెక్కే కాదు. అలాగే పర్మిషన్, ఈ బ్యాచ్ ఈ యూజర్ బ్రాంచ్‌దేనా అన్నది గెట్_క్వెరీసెట్‌లో ఫిల్టర్ పెట్టండి, అప్పుడు గెట్‌కీ పోస్ట్‌కీ రెండిటికీ వర్తిస్తుంది.

ఎడిట్ పేజీలో డిలీట్ బటన్ పెట్టేవాళ్ళకి ఒక మాట, ఎడిట్ ఫామ్ లోపల డిలీట్ ఫామ్ పెట్టకండి, ఫామ్ లోపల ఫామ్ హెచ్‌టీఎంఎల్‌లో చెల్లదు, బ్రౌజర్ లోపలి ఫామ్ ట్యాగ్‌ని పట్టించుకోదు, డిలీట్ బటన్ ఎడిట్ ఫామ్‌ని సబ్మిట్ చేస్తుంది. మన పద్ధతిలో అక్కడ ఉండేది లింక్ మాత్రమే, డైలాగ్ బాడీ చివర ఉంది, కాబట్టి ఈ సమస్య రాదు.

ప్రతి చిన్నదానికీ డైలాగ్ పెట్టొద్దు కూడా. ఒక రిమైండర్ తీసేస్తే మళ్ళీ రాసుకోవచ్చు, అక్కడ అడక్కుండా తీసేసి "తీసేశాం, వెనక్కి తేవాలా?" అని ఒక బటన్ చూపించడం మేలు, దానికి మోడల్‌లో డిలీటెడ్_ఎట్ అనే ఫీల్డ్ ఒకటి చాలు. వెనక్కి తేలేనివాటికే, ఇంకా వేరేవాళ్ళ డేటా మీద ప్రభావం ఉన్నవాటికే డైలాగ్ దాచుకోండి.

చివరగా టెస్టులు, ఇవి రాయడం తేలికే, ఎందుకంటే అసలు పనంతా సర్వర్లోనే ఉంది. గెట్ కొట్టి బ్యాచ్ ఇంకా డేటాబేస్‌లో ఉందని చూడండి. పోస్ట్ కొట్టి పోయిందని, 302 వచ్చిందని చూడండి. పాత కౌంట్‌తో పోస్ట్ కొట్టి పోలేదని చూడండి. లాగిన్ లేకుండా పోస్ట్ కొట్టి పోలేదని, వేరే బ్రాంచ్ యూజర్‌తో కొట్టి 404 అని చూడండి. జాంగో టెస్ట్ క్లయింట్ మామూలుగా సీఎస్ఆర్ఎఫ్ చెక్ చెయ్యదు, కాబట్టి ఒక టెస్ట్‌లో క్లయింట్‌ని ఎన్‌ఫోర్స్_సీఎస్ఆర్ఎఫ్_చెక్స్ ట్రూ పెట్టి తయారుచేసి, టోకెన్ లేని పోస్ట్‌కి 403 వస్తోందో లేదో అది కూడా చూసుకోండి.